గుమ్మెట ఆగిన చోటు

మా వంశం నాకు కాగితాల్లో దొరకలేదు, కళ్ళంలో దొరికింది. ఏటా నూర్పులయ్యాక, ధాన్యం తూర్పారబట్టి రాశి పోసి, దాని చుట్టూ బూడిదతో గీత గీశాక, కొలతకి మొదటి కుంచం ఎత్తబోయే ముందు ఒక మనిషి వచ్చి రాశి ఎదుట నిలబడేవాడు. చంకలో తోలు బిగించిన మట్టి గుమ్మెట, భుజాన జోలె, నెత్తిన వెలిసిపోయిన ఎర్ర తలపాగా. వాళ్ళని గోత్రాలు చెప్పేవాళ్ళు అనేవాళ్ళం. మాలాంటి రైతు కుటుంబాల పుట్టుపూర్వోత్తరాలన్నీ నోటికి పట్టుకుని, ఊరూరా తిరిగి, ఏ ఇంటి రాశి ముందు ఆ ఇంటి పెద్దల కథ పాడటం వాళ్ళ వృత్తి. పాట అయ్యాక రాశిలోంచి వాళ్ళకి రావలసిన మేర కొలిచి జోలెలో పోసేవాళ్ళం. ఆ పాట లేకుండా ధాన్యం ఇంటికి తోలిన ఏడు నాకు గుర్తులేదు.

ఆ పాటకి ఒక కట్టుబాటు ఉండేది. కుంచం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే చెల్లుతుంది. ఇంట్లో బిడ్డ పుట్టినా, పెద్దవాడు పోయినా, పాటలో ఎవరిని కలపాలన్నా కుంచం పట్టినవాడే నలుగురూ వింటూండగా రాశి ముందు చెప్పాలి. గోత్రాలు చెప్పేవాడు తనంతట తాను ఒక్క పేరు కలపడు, ఒక్క పేరు తీయడు. ఈ కట్టుబాటు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని గురించే ఈ రాత అంతా.

మా పాట చాలా పైనుంచి మొదలయ్యేది. మొదటి తాత ఒక జత ఎడ్లు తోలుకుని పైదేశం నుంచి దిగివచ్చి, ఇక్కడ నిలువెత్తు జమ్ము నరికి నేల చేశాడట. ఆయన కొడుకు కాలంలో గోదావరి గట్టు తెంపుకుని ఊరి మీద పడితే, ఇంటి నడికొప్పెక్కి మూడు రోజులు గడిపి, నీళ్ళు తీశాక మళ్ళీ అదే దిబ్బ మీద ఇల్లు లేవదీశాడట. ఆయన కొడుకు మా అమ్మ తండ్రి. ఆయన వంతుకి కరువు వచ్చింది. ఆనకట్ట ఇంకా లేని రోజులవి. పక్కనే అంత గోదావరి ఉండగా జనం గంజి నీళ్ళు లేక చచ్చిపోయిన కరువది. తుంగగడ్డలు తవ్వుకు తిని, చింతపిక్కలు ఉడకబెట్టుకు తిని తాతా అమ్మమ్మా మిగిలారు. వాళ్ళ ఇద్దరు మగపిల్లలూ మిగల్లేదు. కరువు వెళ్ళిన నాలుగేళ్ళకి మా అమ్మ పుట్టింది.

పాటలో ఇవన్నీ ఉండేవి, చివరిది తప్ప. మా అమ్మ పుట్టినట్టు పాటకి తెలియదు.

"ఇద్దరు కొడుకుల్ని నేలకిచ్చిన తాత" అని ఆయన పేరు చెప్పాక గుమ్మెట మీద రెండు దెబ్బలు పడేవి. అక్కడ పాట ఒక్క గంతు వేసేది. "ఆ ఇంట దీపం నిలిపిన అల్లుడు, కాలవ నీరు తొలుత కట్టిన మొనగాడు" అంటూ మా నాన్న పేరు ఎత్తుకునేది. మగపిల్లలు లేని ఇంటివాళ్ళు అల్లుణ్ణి తెచ్చుకుని, కొడుకు వాటా ఇచ్చి, ఇంట్లోనే పెట్టుకునే ఆచారం మా వాళ్ళలో ఉంది. నాన్న అలా ఇల్లరికం వచ్చినవాడు. ఆయన ఇంటిపేరు ఆయనదే. ఇల్లూ, పొలమూ, ఆ పొలం వెనకున్న ముగ్గురు తాతలూ మాత్రం అమ్మ తరఫున వచ్చినవే. నాన్న పేరు తర్వాత నా పేరు వచ్చేది. ఆ పేరు వినడానికి నేను రాశి ముందు చోటు కోసం నా ఈడు వాళ్ళని మోచేతులతో పొడిచి మరీ నిలబడేవాణ్ణి.

కాలవ సంగతి కూడా చెప్పాలి. ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన కొత్తలో ఆ నీళ్ళంటే మా ఊరివాళ్ళకి గురి కుదరలేదు. ఆపిన నీళ్ళు జబ్బు నీళ్ళని, వాటితో చేను చవుడెక్కుతుందని, ఊరికి చలిజ్వరం పట్టుకుంటుందని చెప్పుకునేవాళ్ళట. మా చేను పక్కనే కాలవ ఒడ్డొరిసి పారుతోంది. చేలో జొన్న నిలువునా ఎండుతోంది. తాత అప్పటికే మంచం పట్టాడు. నాన్న కొత్తల్లుడు. ఊళ్ళో ఎవరిచేతా మాట పడకూడదన్న పట్టుదల మనిషి. "నలుగురూ కట్టాక మనమూ కడదాం" అన్నాడట. అమ్మకప్పుడు పదహారో పదిహేడో. ఒకరోజు తెల్లవారేసరికి పార భుజాన వేసుకుని వెళ్ళి, తూము దగ్గర నుంచి మా చేను దాకా బోదె తవ్వడం మొదలుపెట్టింది. సగం తవ్వాక నాన్నకి కబురందింది. ఆయన పరుగున వచ్చి, గట్టు మీద నిలబడి అరిచాడు, తర్వాత బతిమాలాడు. అమ్మ తలెత్తలేదు. చివరికి "ఆ పార ఇలా ఇయ్యి, చేతులు బొబ్బలెక్కాయి" అని లాక్కుని మిగతా సగం తనే తవ్వాడు. ఆ ఏడు మా చేలో తొలిసారి వరి పండింది. మరుసటేడు ఊరంతా కట్టారు.

ఈ కథ నాకు చెప్పింది నాన్నే. భోజనం దగ్గర కూర్చుని "మీ అమ్మ మొండిఘటం రా, నా మాట విని ఉంటే మనకి ఆ ఏడూ జొన్నకూడే" అని నవ్వుతూ చెప్పేవాడు. అదే మనిషి కళ్ళంలో "తొలుత కట్టిన మొనగాడు" అనగానే మీసం సవరించుకునేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఇంట్లో ఒప్పుకున్నది వీధిలో ఒప్పుకోలేడు, అంతే. ఆ గుణం పొలంతో పాటే నాకూ వచ్చింది.

పాట జరిగేటప్పుడు ఆడవాళ్ళు రాశి దగ్గరికి రారు. అమ్మ గడ్డిమేటు వెనక నిలబడి చేటతో తాలు చెరుగుతూ ఉండేది. చెరిగే పని ఆ పూటకి ఏమీ ఉండేది కాదు, ఆ సంగతి కళ్ళంలో అందరికీ తెలుసు. పాట సాగినంతసేపూ మేటు వెనక నుంచి చేట చప్పుడు వినపడేది. వాళ్ళ నాన్న పేరు రాగానే ఆగిపోయేది. గుమ్మెట రెండు దెబ్బలు, గంతు, మా నాన్న పేరు, తర్వాత నా పేరు. అప్పుడు చేట మళ్ళీ మొదలయ్యేది. చిన్నప్పుడు నేను ఆ చప్పుడు ఆగడాన్ని పట్టించుకోలేదు. ఈ వయసులో నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ చేట చప్పుడు ఒక్కసారి వినపడితే చాలనిపిస్తుంది.

అమ్మని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. నాన్న "ఏమేవ్" అనేవాడు. నాకు అమ్మ. పాలేళ్ళకీ కూలీలకీ అమ్మగారు. ఇరుగుపొరుగువాళ్ళకి ఫలానావారి ఇంటావిడ. తాతా అమ్మమ్మా పోయాక ఆ పేరు పలికే నోరు లోకంలో ఒక్కటే మిగిలింది. అమ్మ పినతల్లి కూతురు ఒకావిడ ద్రాక్షారామం పక్క పల్లెలో ఉండేది. రెండేళ్ళకో మూడేళ్ళకో పడవ మీద వచ్చేది. పడవ ఇంకా రేవుకి చేరకముందే, సరంగు కసురుతున్నా వినకుండా లేచి నిలబడి, అమ్మని పేరు పెట్టి గట్టిగా కేక వేసేది. ఆ కేక వినగానే అమ్మ చేతిలో ఉన్నది ఉన్నచోటే వదిలేసి రేవుకి పరిగెత్తేది. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగి అంతా నేలపాలైంది. నాన్న సణిగితే, "పోనిద్దురూ, పాలే కదా" అంది. పాలు పోతే అమ్మ ఏనాడూ అలా అన్నది కాదు. ఆ పూటంతా అమ్మ నడకే వేరుగా ఉండేది.

నాన్న పోయేనాటికి నాకు ముప్పై దాటాయి. ఆ ఏడు నూర్పులకి కుంచం నా చేతికొచ్చింది. కొలత రోజు పొద్దున చద్దన్నం తింటున్నాను. అమ్మ మజ్జిగ పోస్తూ, పోస్తూ ఆగింది.

"ఒరే అబ్బాయ్, ఇవాళ ఆయనొస్తే ఒక్క మాట చెప్తావా?"

"ఏంటమ్మా?"

"మా నాన్న తర్వాత నా పేరు ఒక్కసారి చెప్పమను. బోదె సంగతీ అదీ వద్దు. మీ నాన్న మొనగాడుగానే ఉండనీ. పేరొక్కటి చాలు."

నేను నవ్వాను. నవ్వాననే గుర్తు. "ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారే? ఏ పాటలోనైనా ఆడపేరు ఉందా?" అన్నాను.

"లేదులే" అంది. నా కంచంలోకి ఇంకాస్త మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట నా దగ్గర ఎత్తలేదు.

ఊళ్ళోవాళ్ళ మీద నెట్టాను గానీ, అడ్డం ఊళ్ళోవాళ్ళు కాదు. పాటలో ఆ గంతు ఉన్నన్నాళ్ళూ వినేవాళ్ళకి తాత తర్వాత నాన్న, నాన్న తర్వాత నేను ఒకే తీగగా కనపడేవాళ్ళం. అల్లుడన్న మాట ఒకటి ఉన్నా అది దరువులో కొట్టుకుపోయేది. మధ్యలో అమ్మ పేరు పడిందంటే పొలం ఎటునుంచి వచ్చిందో ప్రతి ఏటా చాటింపు వేసినట్టే. చిన్నప్పుడు నన్ను "ఇల్లరికపు కొడుకు" అని ఏడిపించినవాళ్ళు ఇప్పుడు పక్క కళ్ళాల్లో మీసాలు పెంచుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు తలవంపులని భయం నాకు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఇంట్లో అడిగింది అమ్మ, పెట్టనిది నేను.

ఆ పై యేటి నుంచి పాటలో ఒక చిన్న మార్పు వచ్చింది. "ఇద్దరు కొడుకుల్ని నేలకిచ్చిన తాత" పేరు చెప్పాక గోత్రాలు చెప్పే ఆయన గంతు వేయడం మానేశాడు. పాట ఆపేసి, గుమ్మెట ఒక్కటే నెమ్మదిగా వాయించేవాడు. పది దెబ్బలు, పదిహేను దెబ్బలు. తర్వాత అదీ ఆపి, నా వంక చూస్తూ నిలబడేవాడు. మేటు వెనక చేట చప్పుడు ఉండేది కాదు. కళ్ళమంతా నిశ్శబ్దంగా ఉండేది. ఎడ్లు నెమరువేస్తున్న చప్పుడు వినపడేది.

ముసలివాడైపోయాడు, ఊపిరి అందడం లేదు కాబోలని నేననుకున్నాను. నాకసలే ఓర్పు తక్కువ. ఒకవైపు రేవులో పడవ సిద్ధంగా ఉంటుంది, బళ్ళు కట్టి ఉంటాయి, కూలీలు ఎండలో నిలబడి ఉంటారు. "కానివ్వవయ్యా, కానివ్వు" అనేవాణ్ణి. ఆయన తల వంచుకుని, గుమ్మెట రెండు దెబ్బలు వేసి, మా నాన్న పేరు ఎత్తుకునేవాడు. పైగా నాకు దయ కూడా కలిగింది. ఒక ఏడు పాట అయ్యాక "పాపం, ముసలాయనకి కాస్త మజ్జిగ పంపించండి" అని కేక వేశాను. మజ్జిగ ముంత అమ్మే పంపింది.

అలా ఆరు పంటలు. ఆరుసార్లు "కానివ్వు" అన్నాను.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో అమ్మ పోయింది. ఊడ్పులు సాగుతున్నాయి. పగలంతా చేలో ఉండి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతూ పడుకుని ఉంది. నాలుగు రోజులు. మూడో రోజున "ఆకుమడి ముదిరిపోతుందిరా, నా దగ్గర కూర్చోక చేలోకి పో" అని నన్ను తరిమింది. నేను వెళ్ళాను కూడా. నాలుగో రోజు మధ్యాహ్నం పిలుపొస్తే మోకాలి లోతు బురదతోనే పరిగెత్తుకుంటూ వచ్చాను. అప్పటికే అయిపోయింది. కర్మ చేయించేటప్పుడు పురోహితుడు ఆమె పేరు అడిగితే నేను వెనక్కి తిరిగి చూశాను. ద్రాక్షారామం వైపు నుంచి వచ్చిన ఆ పినతల్లి కూతురే వెనక నుంచి చెప్పింది. ఆ నోట అమ్మ పేరు రావడం అదే చివరిసారి. ఆవిడా ఆ సంక్రాంతి దాటలేదు. అస్థికలు కోటిపల్లి రేవులో కలిపి ఇంటికి తిరిగొచ్చాను.

ఆ ఏటి నూర్పులకి గోత్రాలు చెప్పే ఆయన వచ్చాడు. నాకెందుకో ఆ ఏడు తొందర లేదు. పడవ వెళ్తే వెళ్ళిందిలే అనిపించింది. ఆయన పాట ఎత్తుకున్నాడు. జమ్ము నరికిన తాత వచ్చాడు, వరదని తట్టుకున్న తాత వచ్చాడు, ఇద్దరు కొడుకుల్ని నేలకిచ్చిన తాత వచ్చాడు. అక్కడికి వచ్చి ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. గుమ్మెట రెండు దెబ్బలు వేసి గంతు వేసి మా నాన్న పేరు ఎత్తుకున్నాడు.

"ఉండుండు" అన్నాను. "ఏడాదేడాదీ ఇక్కడ ఆగేవాడివి, ఇవాళ ఆగలేదేం? ఊపిరి కుదుటపడిందా?"

ఆయన గుమ్మెట మీద చెయ్యి తీశాడు. "ఊపిరికేం బాబుగారూ, బానే ఉందండి. అమ్మగారు పోయారని రేవులో చెప్పారండి. ఇంక ఎవరి కోసం ఆగమంటారు?"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "మీ నాయనగారు పోయిన ఏడు, పాటయ్యాక అమ్మగారు నన్ను పెరట్లోకి పిలిచారండి. వాళ్ళ నాయన తర్వాత తన పేరు చెప్పగలవా అని అడిగారండి. కుంచం పట్టినవారు చెప్పాలమ్మా, అబ్బాయిగారు ఒక్క మాటంటే పాడతానన్నాను. 'వాడికి చెప్పానయ్యా, పనిలో పడి మరిచిపోయుంటాడు. పై యేటి నుంచి ఆ చోటు వచ్చినప్పుడు నువ్వు కాస్త ఆగు, వాడికే గుర్తొస్తుంది' అన్నారండి. అందుకని ఆగేవాణ్ణండి. తమరు కానివ్వమనేవారు."

నేను మరిచిపోలేదు. ఒక్క ఏడు కూడా మరిచిపోలేదు. పరాయివాడి ముందు కొడుకు చులకన కాకూడదని అమ్మ నాకో మతిమరుపు అంటగట్టింది. ఆరేళ్ళు మేటు వెనక చేట పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ నిశ్శబ్దంలో ఆమెకి వినపడింది నా "కానివ్వు" ఒక్కటే. ఎవరైనా నన్ను చెంపదెబ్బ కొడితే బాగుండుననిపించింది ఆ క్షణాన. కొట్టేవాళ్ళెవరూ లేరు, నేనే కదా ఇంటి పెద్దని.

కుంచం రాశిలోంచి తీసి రెండు చేతులా పట్టుకున్నాను. "మా తాత తర్వాత మా అమ్మ పేరు చెప్పు" అన్నాను.

"అలాగేనండి. పేరేంటండి?"

ఏళ్ళ తరబడి మా ఇంటి చరిత్రంతా మోసిన మనిషికి ఆ పేరు తెలియదు. నాకు తెలుసు గానీ నలభై ఏళ్ళ బతుకులో ఒక్కసారీ పైకి అనలేదు. తల్లిని పేరు పెట్టి ఎవడంటాడు? మెల్లగా అన్నాను. "వినపడలేదండి" అన్నాడాయన. పక్క కళ్ళాలవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఈసారి గట్టిగా అన్నాను, పడవ మీంచి ఆ పినతల్లి కూతురు కేక వేసినంత గట్టిగా.

ఆయన కళ్ళు మూసుకుని పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఇద్దరు కొడుకుల్ని నేలకిచ్చిన తాత, ఆ తాత కన్న కూతురు, ఆ కూతురి పేరు. అంతే. బోదె సంగతి నేను కలపమనలేదు. ఆమె వద్దంది కదా. కళ్ళంలో చెప్పలేదు కాబట్టే ఇక్కడ రాశాను. పేరు మాత్రం ఇక్కడ రాయను. అది రాశి ముందు వినవలసిన పేరు.

ఎవరూ నవ్వలేదు. నేను అన్నేళ్ళు భయపడిన ఆ మీసాలవాళ్ళలో ఒకడు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మా చేలో అమ్మ పక్కనే వంగి ఊడ్పులు ఊడ్చిన ముసలి కూలిమనిషి ఒకతె చీపురు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అదేనాండీ అమ్మగారి పేరు?" అంది. "నలభయ్యేళ్ళు ఆరి సేతి కూడు తిన్నానండి. ఎంత బాగుందండి పేరు. ఒక్కపాలైనా ఇనలేదండి."

మేర కొలిచేటప్పుడు ఎన్ని కుంచాలు పోశానో నాకు తెలియదు. జోలె నిండిపోయి "చాలండి, చాలండి" అని ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ ముసలాయనా పోయాడు. ఇప్పుడు ఆయన కొడుకు వస్తున్నాడు. రైలు వచ్చాక మా ధాన్యం పడవలు తగ్గాయి గానీ, కళ్ళంలో పాట తప్పలేదు. మొదటి ఏడు అతనికి ఒక్కటే చెప్పాను, తాత పేరు అయ్యాక ఆగమని. "అక్కర్లేదండి, అమ్మగారి పేరు మా అయ్య నాకు నేర్పాడండి" అన్నాడు. అయినా ఆగమన్నాను. అతను ఆగుతాడు. పది దెబ్బలు, పదిహేను దెబ్బలు వేసి, గుమ్మెట ఆపి నా వంక చూస్తాడు. నేను గడ్డిమేటు వైపు తిరిగి మా అమ్మని పేరు పెట్టి పిలుస్తాను. కాసేపు అటే చూసి, కుంచం ఎత్తుతాను.